కలప అడితిలో పుట్టిన పందెపు జట్టు

మన సంఘమువారు ప్రకటించు సంచికలలో పండుగలు, పెండ్లిపాటలు, పూర్వులు వలస వచ్చిన త్రోవలు, మన యిండ్లలో నేటికిని నిలిచియున్న పలుకుబడులు మొదలగు విషయములపై వ్యాసములు వెలువడుచుండుట పాఠకులెరుగుదురు. అట్టి సంపుటములో ఇంగ్లండు దేశపు మోటారు పందెపు జట్టు నొకదానిని గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కోయంబత్తూరు తెలుగువారికి ఇనుముతోడను ఇంజనుతోడను గల చుట్టరికము నెరిగినవారికి ఇందు వింత యేమియు నుండదని మా నమ్మకము.

నల్లరేగడిలో ప్రత్తి పండించుకొనుచుండిన మన కుటుంబములు కొన్ని ప్రత్తి మిల్లులలోనికిని, అటనుండి పోతపని, పంపుల పరిశ్రమలలోనికిని దిగినవి. జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించినది 1910లో. జి.డి. నాయుడుగారి బస్సులను, యంత్రములను గూర్చి విననివారు మనలో లేరు. లక్ష్మీ మిల్లు కుటుంబమునకే చెందిన ఎస్. కరివరదన్‌గారు మారుతి 800 ఇంజనును తీసికొని, సామాన్య యువకులు కూడ నడుపగల పందెపు కారును రూపొందించిరి. 1988లో వచ్చిన ఆ ‘ఫార్ములా మారుతి’ వలననే దక్షిణదేశమున ఎందరో చోదకులు తయారైరి. 1995లో విమానప్రమాదమున ఆయన అకాలమరణము నొందిరి. నేడు చెట్టిపాళెమువద్ద నున్న పందెపు మార్గము ఆయన పేరనే వెలసినది. ఇట్టి యూరిలో పుట్టినవారికి మోటారు పందెము పరాయి వినోదము కాజాలదు గదా.

అయినను టిరెల్ అను జట్టుపై మాకు మమకారము గలుగుటకు కారణము ఇంజను గాదు, కలప. మా నాయనగారును చిన్నాయనయు మేట్టుపాళెము రోడ్డున కలప అడితి నడిపెడివారు. ఆనమలై కొండల టేకుదుంగలు లారీలలో వచ్చి దిగుచుండెడివి. వెనుక కోతమిల్లు, ముందు రేకుల షెడ్డు, షెడ్డులో ఒక బల్ల, బల్లపై లెక్కల పుస్తకము. అంతియే. దుంగను ఒకసారి చుట్టివచ్చి అది కోతకు ఎన్ని ఘనపుటడుగులు తూగునో నాయనగారు చెప్పినచో, టేపు పెట్టి కొలిచినవారు సిగ్గుపడవలసి వచ్చెడిది. మోటారు పందెములు వారికి పట్టవు. చిన్నాయన సంగతి వేరు. షోళవరమున పాత విమానస్థలముపై పందెములు జరుగునప్పుడెల్ల ఆయన రైలెక్కి మదరాసు పోవలసినదే. 1970 దశకమున ఒకనాడు పాతపుస్తకముల అంగడినుండి ఆంగ్ల మోటారు పత్రిక నొకదానిని తెచ్చి, అందులో దుంగల నడుమ నిలుచున్న పొడవాటి దొరను మాకు చూపి, “చూడరా, ఈయనా మన మాదిరి కట్టెల వ్యాపారే! కట్టెల షెడ్డులోనే కారు చేసి లోకాన్ని గెలిచినాడంట” అనిరి. నాయనగారు బల్లమీదినుండి తలయెత్తి, “అట్లయితే ఆడ కట్టెల లెక్క ఎవరు చూస్తారంట?” అని మాత్రము అడిగి మరల లెక్కలలో మునిగిరి.

ఆ ప్రశ్నకు సమాధానము చాల యేండ్లకు గాని మాకు దొరకలేదు. కట్టెల లెక్క సోదరుడు బెర్ట్ చూచెడివాడట.

కెన్ టిరెల్ గారు 1924లో ఇంగ్లండులోని సర్రీ మండలమున పుట్టిరి. రెండవ ప్రపంచయుద్ధమున విమానదళములో ఫ్లైట్ ఇంజనీరుగా పనిచేసి, యుద్ధానంతరము సోదరునితో గూడ కలప వ్యాపారమునకు దిగిరి. మోటారు పందెమును చూడవలెనని ఆయన ప్రత్యేకముగా కోరినది లేదు. గ్రామమున ఫుట్‌బాల్ ఆడువారందరు బస్సు కట్టించుకొని సిల్వర్‌స్టన్ పోవుచుండగా తామును ఎక్కిరి. అచ్చట చిన్న కార్ల పందెము చూచి, ఇది మనమును చేయగల పనియే యని తోచి, ఒక కూపర్ కారు కొని 1952 నుండి నడుపసాగిరి. కొన్నేండ్లు నడిపిన పిదప, తాము మంచి చోదకులేగాని గొప్ప చోదకులు కారని ఆయనకే తోచినది. ఈ తోచుట సామాన్యవిషయము గాదని మా యభిప్రాయము. తమకంటె మేలైనవానికి చక్రము నప్పగించి తాము గోడప్రక్కన గడియారము పట్టుకొని నిలుచుటకు అహంకారము అడ్డురానివారు ఏ వృత్తియందైనను అరుదు.

1960 నాటికి ఆయన చిన్న తరగతి కార్ల జట్టును నడుపసాగిరి. మోటారుసైకిలు పందెములలో ప్రపంచవిజేతయైన జాన్ సర్టీస్‌కు కారు పందెమున తొలి అవకాశము నిచ్చినది ఆయనయే. 1964లో స్కాట్లండునుండి ఒక గ్యారేజీ యజమాని కుమారుని పిలిపించి గుడ్‌వుడ్ మార్గమున పరీక్షకు కూర్చుండబెట్టిరి. ఆనాడు ఆ కారును సరిచూచుటకు వచ్చినవాడు పేరుమోసిన బ్రూస్ మెక్‌లారెన్. స్కాట్లండు కుర్రవాడు అతని వేగమును మించిపోయెను. అతడే జాకీ స్టీవార్ట్. వారిరువురి నడుమ వ్రాతకోతలకంటె చేయి కలుపుటకే విలువ యెక్కువ యని చెప్పుదురు. టిరెల్ గారి ధర్మపత్ని నోరాగారు పందెపు మార్గమున కూర్చుండి ప్రతి చుట్టుకును కాలము వ్రాసెడివారు. పనివారికి తినుబండారములును ఆమెయే సమకూర్చెడివారు. ఇది మన యిండ్లలోని వ్యాపారమువంటిదే యని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక సమర్థుని కథ. సమర్థులు పలువురుందురు. కలప అడితినుండి వచ్చినవాడు ఫెరారీవంటి మహాసంస్థల నెదిరించి గెలువగలుగుటకు వేరొక కారణము కావలెను. ఆ కారణము పేరు కాస్‌వర్త్ డి.ఎఫ్.వి.

ఫోర్డు కంపెనీ లక్ష పౌనులు పెట్టుబడి పెట్టగా కీత్ డక్‌వర్త్ అను ఇంజనీరు రూపొందించిన ఎనిమిది సిలిండర్ల ఇంజను అది. 1967లో హాలండు దేశమున తొలిసారి పరుగెత్తిననాడే గెలిచినది. ఆ యేడు లోటస్ జట్టువారికి మాత్రమే లభించిన ఆ ఇంజనును 1968 నుండి ఇతరులకును అమ్మసాగిరి. ధర సుమారు 7,500 పౌనులు. అంతకుముందు ఇంజను చేయగలవాడే పందెమునకు రాజు. ఇప్పుడు ప్రపంచమున మేలైన ఇంజను అంగడి సరకైనది. పేటిక తెరచి, కారు వెనుక బిగించి, గేరుపెట్టె మరియొకచోట కొని, టైర్లు ఇంకొకచోట తెచ్చి, మిగిలినదంతయు తన బుద్ధితో చేయగలవాడెవడైనను రంగమునకు రావచ్చును. పీళమేడులో పంపులు చేయువారికి ఈ పద్ధతి క్రొత్తది గాదు. పోత ఒకరిది, తీగచుట్టు ఒకరిది, బేరింగులు ఒకరివి. అన్నియు కలిపి తన పేరు వేసి అమ్ము మొనగాడు వేరొకడు. టిరెల్ గారిని ‘స్వతంత్రుడు’ అని పత్రికలు వ్రాసెడివి. నిజమునకు ఆయన పదిమందిపై ఆధారపడినవారే. ఆ పదిమందియు అడిగినవారికెల్ల ఒకే సరకు అమ్ముచుండిన కాలమున ఆయనకు యజమాని యెవ్వడును లేకుండెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనినచో తరువాతి కథ యంతయు తేటపడును.

1968లో టిరెల్ గారు ఫ్రాన్సుదేశపు మాత్రా కంపెనీవారి కారులో డి.ఎఫ్.వి. నమర్చి స్టీవార్ట్‌ను రంగమునకు దింపిరి. ఆ యేడు జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ కొండదారిలో పొగమంచు, వాన. స్టీవార్ట్ మణికట్టు ఎముక అప్పటికే చిట్లి కట్టుతో నుండెను. అయినను రెండవవానికంటె నాలుగు నిమిషములకు పైగా ముందు వచ్చి చేరెను. నేటి పందెములలో నాలుగు సెకండ్లు మిగిలిన గొప్పగా చెప్పుకొందురు. 1969లో ఆరు పందెములు గెలిచి అతడు ప్రపంచవిజేత యయ్యెను. ఇటలీలోని మోంజాలో ఆ బిరుదు ఖాయమైననాడు తొలి నాలుగు కార్లు సెకండులో అయిదవవంతు వ్యవధిలో గీత దాటినవి.

అప్పుడే చిక్కు వచ్చిపడినది. మాత్రావారు ఇకపై తమ కారులో తమ పన్నెండు సిలిండర్ల ఇంజనే యుండవలెననిరి. టిరెల్ గారును స్టీవార్టును దానిని నడిపి చూచి, డి.ఎఫ్.వి.ని వదలుటకు ఒప్పుకొనలేదు. ఇంజనుండి కారు లేకపోయినది. 1970లో మార్చ్ అను క్రొత్త కంపెనీవారి కార్లు కొనిరి. స్పెయినులో ఒక పందెము గెలిచినను అవి తృప్తి నీయలేదు. ఇతరుల కారుపై ఆధారపడినంతకాలము ఇట్లే జరుగునని గ్రహించి, డెరెక్ గార్డనర్ అను ఇంజనీరును పిలిచి రహస్యముగా సొంత కారు చేయుమనిరి. గార్డనర్ అంతకుముందు పూర్తి పందెపు కారును రూపొందించినవాడు కాడు. లెమింగ్టన్ స్పా పట్టణమున తన యింటనే కూర్చుండి గీతలు గీసెను. ఆకమ్ గ్రామపు కలప అడితిలోని షెడ్డులో కారు తయారైనది. పోటీదారులకు గాని, పత్రికలకు గాని, మార్చ్ కంపెనీవారికి గాని వాసన తగులలేదు. 1970 ఆగస్టులో నీలపు రంగుతో ఆ కారు ఓల్టన్ పార్కులో ప్రత్యక్షమగునంతవరకు లోకమునకు తెలియదు. నెలదినములు దాటకముందే కెనడా పందెమున అందరికంటె ముందు నిలువ యోగ్యత సంపాదించి, చక్రపు ఇరుసు విరుగువరకు ముందే పరుగెత్తినది.

మరుసటి యేడు, అనగా 1971లో, స్టీవార్ట్ ఆరు పందెములు గెలిచెను. చోదకుల బిరుదును, కారు చేసినవారి బిరుదును రెండును ఆ షెడ్డుకే దక్కినవి. సొంత కారుతో అది వారి మొదటి పూర్తి సంవత్సరము! చిన్నాయన మాకు చూపిన బొమ్మ ఈ కాలమునాటిదే.

ఆ యేటి చివరి పందెమును అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో గెలిచినవాడు జట్టులోని రెండవ చోదకుడు ఫ్రాన్స్వా సెవేర్. పారిస్ నగరపు యువకుడు, రూపసి, పియానో వాద్యమున దిట్ట. స్టీవార్ట్ అతనికి తన విద్యనంతయు దాచక నేర్పెను. 1973లో స్టీవార్ట్ మూడవసారి ప్రపంచవిజేత యయ్యెను. ఆ యేడాది చివర విరమించుకొందునని టిరెల్ గారికి వసంతముననే చెప్పియుండెను. సెవేర్‌కు మాత్రము చెప్పలేదు. మరుసటి యేటినుండి అతడే జట్టుకు పెద్దదిక్కు కావలసియుండెను. అక్టోబరు 6వ తేదీన అదే వాట్కిన్స్ గ్లెన్‌లో, పందెమునకు ముందటి సాధనలో, సెవేర్ కారు ఇనుపకట్టను ఢీకొని అతడు అచ్చటనే మరణించెను. వయస్సు 29. మరునాటి పందెము స్టీవార్ట్‌కు నూరవది కావలసినది. టిరెల్ గారు కార్లను వెనుకకు తీసికొనిరి. స్టీవార్ట్ మరల పందెమున నడుపలేదు. 27 విజయములతో ఆగిన అతని లెక్కను మించుటకు ఇతరులకు 14 సంవత్సరములు పట్టినది.

ఆ దినముతోనే జట్టు పతనము మొదలైనదని వ్రాయువారు కలరు. మాకట్లు తోచదు. ఒకేనాడు ఇద్దరు చోదకులను పోగొట్టుకొనిన జట్టు తరువాతి యేడే క్రొత్తవారితో పందెములు గెలిచినది. అంతేకాదు, అందరును నవ్విన పని యొకటి చేయుటకు సాహసించినది ఆ తరువాతనే.

1975లో లండనునందు పత్రికలవారిని పిలిచి టిరెల్ గారు తెర తీయించగా ఆరు చక్రముల కారు కనబడినది. పరిహాసమని తలచినవారు పలువురు. గార్డనర్ యోచన మాత్రము పరిహాసము గాదు. పందెపు కారు ముందుచక్రములు పెద్దవి. అవి గాలికి అడ్డుపడును. వానిని 10 అంగుళముల చిన్నచక్రములుగా చేసి ముందురెక్క చాటున దాచినచో గాలి అడ్డు తగ్గును. కాని చిన్నచక్రమునకు నేలపై పట్టు తక్కువ. కావున ప్రక్కకు రెండేసి చొప్పున నాలుగు పెట్టవలెను. అట్లు పెట్టగా పట్టును పెరిగినది, బ్రేకుల బలమును పెరిగినది. 1976 జూనులో స్వీడను పందెమున జోడీ షెక్టర్ మొదటివాడుగను, పాట్రిక్ దెపాయే రెండవవాడుగను ఆ ఆరుచక్రముల కార్లలో వచ్చి చేరిరి. నవ్వినవారు నోరు మూసికొనిరి.

అయితే ఆ చిన్నటైర్లు చేయువారు లోకమున ఒక్క గుడ్‌యియర్ కంపెనీవారే. వాడువారును ఒక్క టిరెల్ గారే. అందరు వాడు పెద్దటైర్లను కంపెనీవారు నెలనెలకు మెరుగుపరచుచుండిరి. ఒక్క ఖాతాదారుని కొరకు చిన్నటైర్లపై ధనమును శ్రమను ఎవరు వెచ్చింతురు? 1977 నాటికి వెనుకటైర్లు ఒక తరముదిగాను ముందుటైర్లు మరియొక తరముదిగాను ఐపోయినవి. రానీ పీటర్సన్ వంటి మహావేగి నడిపినను కారు లొంగలేదు. ఆ యేటితో ఆరుచక్రముల కథ ముగిసినది. గార్డనరును వెళ్లిపోయెను. ఈ ఘట్టమునే మేము మలుపుగా నెంచుచున్నాము. అంగడిలో అందరికిని దొరకు సరకుతో బుద్ధి చూపినంతకాలము టిరెల్ గారిని ఎవరును ఆపలేకపోయిరి. అంగడిలో లేని సరకు ఆయనకు అవసరమైన మొదటిసారి ఆయన నిస్సహాయులైరి.

రెండవసారి వచ్చినది ఇంకను పెద్ద రూపమున. 1977లో రెనో కంపెనీవారు టర్బో ఇంజనుతో రంగమునకు వచ్చిరి. మొదట పొగలు క్రక్కుచు ఆగిపోవుచున్న ఆ కారును చూచి ‘టీ కెటిలు’ అని ఎగతాళి చేసిరి. కొలది సంవత్సరములలో ఫెరారీ, బి.ఎం.డబ్ల్యు., హోండా మొదలగు మహాసంస్థలన్నియు టర్బోల వెంట పడినవి. వాని ఇంజన్లు కొన్ని యెంచుకొన్న జట్లకే గాని అడిగినవారికెల్ల దొరకునవి కావు. అంగడి మూతపడినది. ఫ్రాన్సు చమురు సంస్థయైన ఎల్ఫ్‌వారి అండయు 1979 నాటికి పోయినది. టిరెల్ గారు పాత డి.ఎఫ్.వి.తోనే నెట్టుకొని వచ్చిరి. 1982లో లాస్ వేగస్‌నందును, 1983 జూనులో డెట్రాయిట్ నగరవీధులందును మిఖేల్ అల్బొరేటో గెలిచెను. వీధుల మలుపులలో శక్తికంటె తేలికదనమునకు పని యెక్కువ. డెట్రాయిట్ విజయము డి.ఎఫ్.వి.కి 155వది, కడపటిది. టిరెల్ పేరుగల కారుకును అది 23వది, కడపటిది. ఇంజనుతో వచ్చిన భాగ్యము ఇంజనుతోనే పోవుట యనగా ఇదియే.

1984లో జరిగినదానిని గూర్చి వ్రాయుటకు మాకు కలము సాగుట లేదు. అయినను విడిచిపెట్టుట న్యాయము గాదు. నిబంధనప్రకారము కారు బరువు 540 కిలోగ్రాములకు తగ్గరాదు. టిరెల్ కార్లలో ఇంజనుకు చల్లదన మిచ్చు నీటితొట్టి యుండెను. పందెము చివర దానిని నింపుచుండిరి. ఆ నీటితోబాటు సీసపు గుండ్లును పోయుచుండిరి. డెట్రాయిట్‌లో మార్టిన్ బ్రండిల్ రెండవవాడుగా వచ్చిన పిదప పరీక్షించినవారు దీనిని పట్టుకొనిరి. పందెమున తేలికగా పరుగెత్తి తూకమునకు ముందు బరువెక్కుటకే ఈ యేర్పాటని వాదము. ఆ నీటిలో ఇంధనము కలిసియున్నదను ఆరోపణ పిదప నిలువలేదు. అయినను శిక్ష నిలిచినది. ఆ యేటి ఫలితములన్నియు కొట్టివేసిరి. మొనాకో జడివానలో చిట్టచివరి స్థానమునుండి బయలుదేరి మూడవవాడుగా వచ్చిన స్టెఫాన్ బెలోఫ్ శ్రమయు దానితోనే కొట్టుకొనిపోయినది. ఇంధనపు నిబంధన మార్పునకు జట్లన్నియు ఏకగ్రీవముగా ఒప్పుకొనవలసి యుండగా, టర్బో లేని టిరెల్ గారొక్కరే అడ్డు నిలిచిరనియు, ఆయనను వెలివేసిన పిమ్మట ఆ యడ్డు తొలగెననియు నాడు పలువురు చెప్పుకొనిరి. మా చిన్నాయనయైతే ఇది కుట్రయే యని ప్రమాణము చేసెడివారు. గుండ్లు పోసినమాట నిజమే గదా యని మే మనినచో ఆనాడు ఆయన మాతో మాటలాడరు. రెండును నిజము కావచ్చునని మా మనస్సునకు తోచుచున్నది.

తరువాతి యేండ్లను త్వరగా దాటవచ్చును, ఒక్క 1990 తప్ప. ఆ యేటి మొదటి పందెమున, అమెరికాలోని ఫీనిక్స్‌లో, జాన్ అలేసి అను యువకుడు చిన్న ఫోర్డు ఇంజనుగల టిరెల్ కారులో అయర్టన్ సెన్నా వంటివానికి ముందు 34 చుట్లు పరుగెత్తెను. సెన్నా దాటిపోగా మరుసటి మలుపులోనే తిరిగి దాటెను! చివరకు రెండవవాడయ్యెను. పిదప హార్వీ పోసిల్త్‌వెయిట్, జాన్ క్లోడ్ మిజో అను ఇంజనీర్లు రూపొందించిన 019 అను కారు వచ్చినది. దాని ముక్కు నేలకు ఆనక పైకెత్తి యుండెను. ఆ సందునుండి గాలి కారు అడుగుభాగమునకు ధారాళముగా పోవుచుండెను. చూచుటకు మొసలి తలయెత్తినట్లుండెడిది. కొన్నేండ్లలో పందెపు కార్లన్నియు ముక్కెత్తినవే యయ్యెను. యోచన టిరెల్‌వారిది, దానితో గెలిచినవారు ధనవంతులు. అలేసిని ఫెరారీవారు కొనిపోయిరి. ఇంజనీర్లును వెళ్లిపోయిరి. 1994లో స్పెయినునందు మార్క్ బ్లండెల్ మూడవవాడుగా నిలుచుట ఆ జట్టు చివరిసారి వేదిక నెక్కుట.

1997 చివర టిరెల్ గారు జట్టును అమ్మివేసిరి. కొన్నవారు బ్రిటిష్ అమెరికన్ టొబాకో అను పొగాకు సంస్థ అండతో క్రొత్త జట్టు స్థాపింపబోవువారు. వారికి కావలసినది రంగమున ప్రవేశించు హక్కు మాత్రమే. 1998లో మరియొక యేడు టిరెల్ పేరుతోనే నడుపవలెననియు, పెద్దాయన ఉండవలెననియు ఏర్పాటు. రెండవ చోదకుడెవరను ప్రశ్న వచ్చినది. టిరెల్ గారు యోస్ ఫెర్స్టాపెన్ కావలెననిరి. క్రొత్తవారు ధనము తెచ్చు రికార్డో రొసెట్‌ను ఎంచుకొనిరి. పందెములు మొదలగుటకు ముందే టిరెల్ గారు లేచి వెళ్లిపోయిరి. స్టీవార్ట్‌ను, సెవేర్‌ను, అల్బొరేటోను, అలేసిని కనిపెట్టిన కంటికి చోదకుని యెంచు పని లేకపోయినప్పుడు ఆయన అచ్చట కూర్చుండి చేయవలసినదేమి? ఆ యేడు నవంబరు 1న జపానులో కడపటి పందెము జరిగినది. రొసెట్ దానికి యోగ్యతయే పొందలేదు.

ఈ వార్త చదివిన ఐదేండ్లకు మా అడితియు అమ్ముడుపోయినది. కొండలనుండి దుంగలు వచ్చుట ఏనాడో సన్నగిల్లినది. విదేశపు కలప ఓడలలో దిగుచుండెను. దానిని కొనుటకు కావలసిన పెట్టుబడి మావంటివారిది గాదు. కొన్నవారు మర్యాదస్థులే. పాత ఖాతాదారులు చెదరిపోకుండ నాయనగారు ఒక యేడు వచ్చి అదే బల్లవద్ద కూర్చుండవలెనని కోరిరి. వారు ఒప్పుకొని ప్రతిదినము ఎనిమిది గంటలకు పోయెడివారు. మూడవ మాసమున ఒకనాడు మధ్యాహ్నమునకే యింటికి వచ్చిరి. ఏ దుంగను ఏ కోతకు పెట్టవలెనో క్రొత్త మేనేజరు తానే నిర్ణయించి రంపమునకు ఎక్కించెనట. అమ్మ మజ్జిగ తెచ్చి యిచ్చినది. “ఇంక పోను” అనిరి. కారణము ఎవరును అడుగలేదు. ఆ సాయంకాలము చిన్నాయన వచ్చి, అరుగుపై ప్రక్కన కూర్చుండి, చాలసేపటికి, “ఆ కట్టెల దొర గూడా ఇట్లనే లేచిపోయినాడన్నా” అనిరి. నాయనగారు ఆయన వంక చూచి, “వాండ్ల అడితి ఏమైందిరా?” అని యడిగిరి. మోటారు పందెములను గూర్చి వారు మరల వేసిన ప్రశ్న అది యొక్కటియే.

మా తరువాతి తరమువారితో ఈ విషయము చర్చించునప్పుడు వారొక మాట యందురు. దానిని దాచుట ధర్మము గాదు. మా యూరి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెమున నడిపిన తొలి భారతీయుడయ్యెను. ఆతడు కూర్చున్నది జోర్డాన్ కారులో. 1991లో రంగమునకు వచ్చి ఒంటిచేత నిలిచిన ఆ జట్టును స్థాపకుడు ఎడ్డీ జోర్డాన్ ఆ యేటి మొదటనే అమ్మివేసెను. అట్టి జట్లలో ఆసనము దొరకవలెనన్న నైపుణ్యముతోబాటు ధనసాహాయ్యమును తేవలసి యుండెను. టాటా సంస్థవారు ఆతనికి అండ నిలిచిరి. ఇండియానాపొలిస్‌లో టైర్ల తగవువలన ఆరు కార్లే పరుగెత్తిననాడు ఆతడు నాలుగవవాడుగా వచ్చినప్పుడు మా వీధిలో బాణసంచా కాల్చినవారిలో మేమును ఉంటిమి. టిరెల్ గారు లేచి పోవుటకు కారణమైన ఆచారమే మా పిల్లవానికి తలుపు తెరచినది. దీనికి సమాధానము మావద్ద లేదు. బాణసంచా కాల్చినందుకు విచారమును లేదు.

టిరెల్ గారు 2001 ఆగస్టు 25న స్వర్గస్థులైరి. వారి జట్టుపేరుతో లభించిన హక్కును పుచ్చుకొనిన క్రొత్తవారు బ్రాక్లీ అను పట్టణమున మహాకర్మాగారము కట్టుకొనిరి. అది 2006లో హోండా జట్టుగను, 2009లో బ్రాన్ జట్టుగను, 2010లో మెర్సిడెస్ జట్టుగను మారినది. 2014 నుండి 2021 వరకు వరుసగా ఎనిమిది సంవత్సరములు కారు చేసినవారి బిరుదు బ్రాక్లీకే పోయినది. దానిలో పనిచేయువారి సంఖ్య వేయికి మించును. 1971లో అదే బిరుదు గెలిచిననాడు ఆకమ్ షెడ్డులోనివారిని ఒక బస్సులో కూర్చుండబెట్టవచ్చును.

నాయనగారు అడిగిన ప్రశ్నకు సమాధానము వారు పోయిన చాలకాలమునకు తెలిసినది. ఆకమ్‌లోని ఆ కొయ్య షెడ్డును పలకపలకగా విప్పి, గుడ్‌వుడ్ మార్గమునకు తరలించి, మునుపటివలె నిలబెట్టిరి. 2024లో దానిని ప్రజల దర్శనార్థము తెరచిరి. స్టీవార్ట్ పరీక్షకు కూర్చున్న మార్గము అదియే. చిన్నాయనకు ఎనుబదియారేండ్లు. చూపు మందగించినది. మనుమరాలు టెలిఫోనులో ఆ షెడ్డు బొమ్మను పెద్దదిగా చేసి చూపగా ఆయన కన్నులకు దగ్గరగా పెట్టుకొని పరిశీలించి, “కట్టె మంచిదే, చెద పట్టలేదు” అనిరి.